మగ్గం దిగిన నరహరి

నరహరి మగ్గం మానేసి కరెంటు పని పట్టింది ఉన్ అనే పేటలో ఉండే ఒక మరాఠీ ఆమె కోసమని సూరత్‌లోని గోడాదరాలో అందరూ అనుకున్న మాట శుద్ధ అబద్ధం. ఆ మాట నల్లా దగ్గర పుట్టి, కిరాణా దుకాణం దాకా నడిచి, అక్కడ ఫోనెక్కి మెట్‌పల్లి పోయింది. మెట్‌పల్లిలో నేరుగా నరహరి భార్య విజయశ్రీ చెవినే పడింది. పుట్టించిన వాళ్ళకు పోయేదేముంది? బిందెలెత్తుకుని ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. సంసారం మాత్రం నరహరిది. కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పుకోవడమే మర్యాద.

ఈ సంగతి తేల్చింది స్వరాజ్యం. నరహరి అద్దెకుండే గదుల వరస ఆమెదే. సిరిసిల్ల నుంచి కొత్త పెళ్ళికూతురుగా వచ్చి సూరత్‌లో రైలు దిగింది. బాబిన్లు చుట్టి, చీటీలు వేసి, ఒక్కో గదీ కట్టించుకుంది. ఇప్పుడు సందులో ముసలీ ముతకా, పిల్లా పీచూ అందరికీ ఆమె స్వరాజ్యమక్కే. చదివింది నాలుగో తరగతే గానీ, అడగాల్సిన ప్రశ్న దగ్గర ఏనాడూ తడుముకోలేదు. ఎవరింట్లో కుక్కరు కూత వేళకు వినబడకపోయినా ఆ గుమ్మంలో ప్రత్యక్షమయ్యేది. "ఏమైందే, బియ్యం లేవా, మొగడు అలిగిండా?" అని ఒకే ఊపిరిలో అడిగేసేది. చాలాసార్లు రెండింట్లో ఒకటి నిజమయ్యేది కూడా.

అలాంటి మనిషికి నరహరి ఒక్కడే అంతుపట్టలేదు.

నరహరి మీసం రాకముందే మరమగ్గమెక్కాడు. ముప్పయ్యయిదు దాటేసరికి షెడ్డులో అతని చేతికి ఒక పేరొచ్చింది. పోగు తెగితే మగ్గం ఆగిందో లేదో తెలియనంత వేగంగా అతికేవాడు. అతికిన చోటు వేలితో తడిమినా దొరికేది కాదు. అందరి తానులూ వెలుతురుకు పట్టి చూసే సేటు, అతని తాను మాత్రం ఊరికే మడత పెట్టించి పక్కన పడేసేవాడు. అంతకు మించిన మెచ్చుకోలు ఆ షెడ్డులో లేదు. అందులోనూ నరహరి మాట తక్కువ మనిషి. పొద్దున డ్యూటీకి పోవడం, సాయంత్రం రావడం, కూతురు సింధూజను సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని సందు చివరి దాకా ఒక తిప్పు తిప్పడం. అంతే అతని కథ.

కరోనా వచ్చిన ఎండాకాలం మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. గోడాదరాలో పుట్టిన పసిపిల్లలకు పుట్టినప్పటి నుంచీ ఆ చప్పుడే జోలపాట. అది ఆగేసరికి జడుసుకుని ఏడ్చారు. పెద్దవాళ్ళు ఏడవలేదు గానీ, ఏం చేయాలో తోచక గుమ్మాల్లో కూర్చుని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కొన్నాళ్ళు ఎవరో పంచిన కిచిడీ పొట్లాలు తిన్నారు. కొన్నాళ్ళు ఇంట్లో డబ్బాలు దులిపారు. ఆ తర్వాత కులపెద్దలు ఊళ్ళకు పోవడానికి బస్సులు మాట్లాడారు. విజయశ్రీ, సింధూజ ఆ బస్సే ఎక్కారు. మగ్గాలు రేపోమాపో మొదలవుతాయి, ఉన్నవాళ్ళకే పని అని షెడ్డు మాస్టర్ చెప్పడంతో నరహరి ఆగిపోయాడు.

బస్సు కదిలేటప్పుడు విజయశ్రీ కిటికీలోంచి తల బయటపెట్టి ఏదో చెప్పింది. మూతికి గుడ్డ కట్టుకుని ఉంది. "ఏందీ?" అన్నాడు నరహరి. ఆమె మళ్ళీ చెప్పింది. బస్సు మలుపు తిరుగుతోంది. అతనికి అర్థమైందో లేదో గానీ పెద్దగా తల ఊపాడు. బస్సు పోయాక కూడా ఊపుతూనే ఉన్నాడని, ఆ పక్కనే నిలబడి ఉన్న స్వరాజ్యం తర్వాత చాలామందికి చెప్పింది.

వానలు పడేవేళకు మగ్గాలు మళ్ళీ మొదలయ్యాయి. ఆ రోజు సందులో పండగే. టిఫిన్ డబ్బాలు పట్టుకుని మగవాళ్ళు గుంపులుగా షెడ్లకు పోతుంటే, నరహరి మాత్రం గుమ్మంలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. స్వరాజ్యం ఊరుకుంటుందా?

"మాస్టర్ మనిషిని పంపిండు, ఎరుకేనా? మగ్గాలు షురువైనయ్."

"ఎరుకనే."

"మరి గిట్ల కూసున్నవేంది? పానం బాలేదా?"

"బాగనే ఉన్నదక్కా. నేను పోతలేను."

"పోక ఏం చేస్తవురా? మాస్కులు అమ్ముతవా?"

"కరెంటు పని నేర్చుకుంట. శ్యాంసుందర్ దగ్గర హెల్పర్‌గ చేరిన."

స్వరాజ్యం నడుం మీద చేయి వేసుకుని అతన్ని పైనుంచి కిందికి చూసింది. "శ్యాంసుందరా? ఆ పోరని ముక్కు నేను తుడిచిన! ఆనికి నువ్వు హెల్పర్‌వా? నీకన్న పదేండ్లు చిన్నోడురా!"

"పని నేర్పేటోడు ఉస్తాదే గదక్కా. చిన్నేంది, పెద్దేంది."

"బంగారమసొంటి చేతిపని ఇడిసి నిచ్చెన పట్టుకుంటవా? ఎందుకు?"

"గా నిచ్చెన పట్టుకోనీకే జల్ది రమ్మన్నడు," అని నరహరి చెప్పుల్లో కాళ్ళు పెట్టి వెళ్ళిపోయాడు. స్వరాజ్యం ప్రశ్న గుమ్మంలోనే నిలబడిపోయింది.

శ్యాంసుందర్‌ది కూడా అదే సందు. సూరత్‌లోనే పుట్టి, ఐటీఐ చదివి, వైర్‌మన్ పర్మిట్ తెచ్చుకున్నాడు. కొత్త ఇళ్ళకూ, పల్సానా వైపు చిన్న షెడ్లకూ వైరింగ్ పనులు పట్టేవాడు. అతని దగ్గర పనిచేసే ఒరిస్సా కుర్రాళ్ళు లాక్‌డౌన్‌లో ఊరికి పోయి తిరిగి రాలేదు. చేతులు కావాలి, నరహరి అడిగాడు, పెట్టుకున్నాడు. అంతే తప్ప, ఇంత వయసొచ్చిన మనిషిని హెల్పర్‌గా పెట్టుకోవడం అతనికీ ఇబ్బందిగానే ఉండేది. తిట్టాలంటే కూడా మర్యాద అడ్డం. నరహరేమో అతన్ని "ఉస్తాద్" అంటాడు. అతనేమో నరహరిని "అన్నా" అంటాడు. ఆ ఇద్దరూ పనిచేసే చోట చుట్టుపక్కల వాళ్ళకు మంచి కాలక్షేపం.

"అన్నా, నిచ్చెన గట్ల గాదన్నా, జర వంచన్నా. అన్నా, నీకు దండం పెడ్త, ఆ తీగ ముట్టకన్నా! టెస్టర్ పెట్టి చూడకుండ ముట్టుకుంటవు, నీకేమన్న అయితే మా వదినెకు నేనేం జవాబు చెప్పాలె?"

"ఉస్తాద్, మూతి గుడ్డ కిందికి గుంజు. మాట కనవడతలేదు."

మాట కనబడకపోవడమేమిటని గోడాదరాలో ఎవరూ అడగరు. మగ్గాల షెడ్డులో పక్కవాడు గొంతు చించుకున్నా వినబడదు. పెదవులు చూసి మాట తెలుసుకుంటారు, వేళ్ళతో జవాబు చెబుతారు. ఇంటికొచ్చాకా అదే అలవాటు. ఆ సందులో ఆడవాళ్ళు మొగుడితో మాట్లాడాలంటే ముందు భుజం తడతారు, మొహం ఎదురుగా పెడతారు, అప్పుడు నోరు తెరుస్తారు. దాన్ని చెవుడని ఎవరూ అనుకోరు. స్వరాజ్యం మొగుడు మార్కండేయులు మగ్గం మీదే ముసలివాడై ఇప్పుడు అరుగు మీద కూర్చుంటాడు. పక్కన టపాకాయ పేలినా తల తిప్పడు. చాయ్ కావాలా అని బొటనవేలు పెదవికి ఆనించి అడుగుతుంది స్వరాజ్యం. ఆయన తల ఊపుతాడు. వాళ్ళ సంసారం అలా నవ్వుతూ తుళ్ళుతూనే నడిచింది. కరోనా వచ్చి అందరి మూతులకూ గుడ్డ కట్టేసరికి గానీ సందు మొత్తం ఎంతగా పెదవుల మీద బతుకుతోందో తెలియలేదు. నరహరి అడిగినప్పుడల్లా శ్యాంసుందర్ మాస్కు గడ్డం కిందికి లాగేవాడు. ఒకసారి పోలీసు చూసి రోడ్డు మీదే ఉస్తాద్ చేతా హెల్పర్ చేతా గుంజీళ్ళు తీయించాడు.

కొత్తలో నరహరి చేసింది గోడలకు గాడి కొట్టడం, పైపులు మోయడం, నిచ్చెన పట్టుకోవడం. పోగులు పట్టిన వేళ్ళకు ఉలీ సుత్తీ కొత్త. అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. సాయంత్రం నెత్తి నిండా సున్నం పొడితో సందులోకి వస్తుంటే పిల్లలు "హెల్పర్ మామ, హెల్పర్ మామ" అని వెంటపడేవాళ్ళు. దీపావళికి సేటు మిఠాయి డబ్బా పంపాడు, మాస్టర్ స్వయంగా వచ్చి కూలి పెంచుతామన్నాడు. నరహరి మిఠాయి తీసుకుని పిల్లలకు పంచాడు. షెడ్డుకు మాత్రం పోలేదు. ఇంటికి పంపే డబ్బు బాగా తగ్గిపోయింది. మెట్‌పల్లిలో విజయశ్రీ తల్లిగారింట్లో కూర్చుని బీడీలు చుట్టడం మొదలుపెట్టింది.

అతనికి వాళ్ళ మీద బెంగ లేదనుకుంటే అది కూడా అబద్ధమే. ఆదివారం పొద్దున బట్టలు ఉతుక్కునేటప్పుడు విజయశ్రీ వదిలి వెళ్ళిన పాత చీర ఒకటి కూడా ఉతికి దండెం మీద ఆరేసేవాడు. ఎవరూ కట్టని చీర మాయడమెలా? స్వరాజ్యం ఒకసారి అడిగింది. "పెట్టెల ఉంటే వాసనొస్తదక్కా," అన్నాడు. సింధూజ సైకిల్ మీద కూర్చునే చిన్న సీటు విప్పలేదు. ఆ సీటు పెట్టుకునే పనికి పోయేవాడు. దాని మీద వైరు చుట్టలు కట్టుకునేవాడు.

రెండో ఏడు కరోనా మళ్ళీ విరుచుకుపడి, కాస్త తగ్గి, వానలు మొదలయ్యే రోజుల్లో పుట్టింది ఆ పుకారు. అది పుట్టిన కొన్నాళ్ళకే స్వరాజ్యానికి విజయశ్రీ ఫోన్ చేసింది.

"అక్కా, నిజం చెప్పు. ఉన్‌ల ఎవరున్నరు?"

"నీకెవలు చెప్పిండ్రే?"

"ఎవలు చెప్తేంది. నేను ఫోన్ చేస్తే ఆఁ ఆఁ అంటడు, పెట్టేస్తడు. పిల్ల మాట్లాడినా గంతే. మగ్గం మీదికి పో, నేను తెల్లారే బస్సెక్కుత అని చెప్పిన. పోడు. ఎందుకు పోడో చెప్పడు. మరి నేనేమనుకోవాలె?"

"ఏమనుకోకు. జరాగు."

"ఎన్నాళ్ళు ఆగాలెనక్కా? మా అన్న సింధూజ పేరు ఈడ బడిల రాయిస్తనంటున్నడు. వచ్చే వారమే. ఒకసారి రాయిస్తే ఇగ మేము ఈణ్నే. నాకు రావాలెననే ఉన్నది. బీడీల చాట ముందల కూసుంటే మన సందే మతికొస్తది. కానీ ఆడ ఇంకొకామె ఉంటే నేనెందుకు రావాలె?" అవతల బీడీల చాట పక్కకు జరిపిన చప్పుడైంది. "నువ్వు చూసి చెప్పక్కా. నువ్వేం చెప్తే గదే నిజమనుకుంట."

అంత మాట అన్నాక స్వరాజ్యానికి అన్నం సయించలేదు. ఒకరి సంసారం నిలబడడం, కూలడం తన నోటి మాట మీద పెట్టారంటే, ఎంత సరదాగా ఆరా తీసే మనిషికైనా గుండె బరువెక్కుతుంది. ముందు నల్లా దగ్గరికి పోయి భూదేవిని పట్టుకుంది. పుకారు మొదలైంది ఆమె నోటినుంచేనని సందంతా తెలుసు.

"నువ్వు చూసినవా?"

"చూసినట్టే అక్కా."

"చూసినట్టే ఏందే? చూస్తే చూసిన అను, లేకుంటే లేదను."

"మా ఆయన చూసిండు. ఆదివారం ఆమె అర్రల కూసున్నడట. తలుపు తెరిచే ఉన్నదట. గోడ దిక్కు మొఖం పెట్టి కూసున్నడట. ఆమె ప్లేటుల ఏందో పెట్టి ఇచ్చిందట."

"తలుపు తెరుచుకోని, గోడ దిక్కు మొఖం పెట్టుకోని ఏం సరసమాడిండే ఆమెతోని?"

నల్లా దగ్గర ఆడవాళ్ళందరూ పక్కున నవ్వారు. భూదేవి మూతి ముడుచుకుంది. "నన్నెందుకు అడుగుతవ్, పోయి చూసుకో."

"పోత. నువ్వు గూడ నడువు. నాకొక్కదానికి కండ్లు సాలవు."

ఆ ఆదివారం ఇద్దరూ షేర్ ఆటో పట్టుకుని ఉన్ వెళ్ళారు. దారి పొడుగునా భూదేవి గొణుగుతూనే ఉంది. చుట్టానికి అద్దె గది కావాలని అబద్ధమాడదామని ఆటోలోనే అనుకున్నారు. మిల్లు కూలీల కోసం కట్టిన మూడంతస్తుల ఇల్లు అది. కింద సగం గదులకు తలుపుల రంగు కూడా ఆరలేదు. నరహరి సైకిల్ మెట్ల కింద ఉంది. భూదేవి మోచేత్తో స్వరాజ్యాన్ని పొడిచింది.

మొదటి అంతస్తులో తెరిచిన తలుపు ముందు, పొయ్యి మీద పెద్ద గిన్నెలో అటుకుల పోహా కలుపుతూ ఒక మరాఠీ ఆమె కనిపించింది. వయసు స్వరాజ్యం కన్నా ఎక్కువే ఉంటుంది గానీ తక్కువ ఉండదు. ముందరి పళ్ళు రెండు లేవు. స్వరాజ్యం వెనక్కి తిరిగి భూదేవిని ఒక్క చూపు చూసింది. భూదేవి చీర కుచ్చిళ్ళు సర్దుకోవడంలో మునిగిపోయింది.

లోపల నరహరి గోడ వైపు తిరిగి కూర్చుని ఉలి కొడుతున్నాడు. గోడకు నిలువునా గాడి తవ్వి ఉంది. "నరహరీ!" అంది స్వరాజ్యం. తిరగలేదు. ఇంకా గట్టిగా పిలిచింది. మెట్ల మీద ఎవరో తొంగి చూశారు గానీ నరహరి చూడలేదు. దగ్గరికి పోయి భుజం తట్టింది. ఉలిక్కిపడి లేచాడు. కనుబొమల మీద కూడా సున్నం.

"అక్కా? నువ్వేంది ఈడ?"

"మా చుట్టపాయనకు అర్ర కావాలె, చూడొచ్చిన," అంది స్వరాజ్యం. అని, అబద్ధం నాలుక మీద నిలవక వెంటనే, "నువ్వేం చేస్తున్నవో చూడొచ్చిన," అంది.

నరహరి మాట్లాడేలోపల మరాఠీ ఆమే అందుకుంది. స్వరాజ్యానికి హిందీ ధారాళంగా వచ్చు, తెలుగు యాసలోనే వచ్చు. ఆమెకూ మరాఠీ యాసలోనే వచ్చు. ఇద్దరికీ బాగా కుదిరింది. చలికాలంలో ఈ గోడలోంచి పొగ వచ్చిందట. గది చీకటైపోయిందట. ఆమె కూలీలకు టిఫిన్లు వండి అమ్ముతుంది. పిండి బస్తా మసిబారిపోయింది గానీ ఎవరికీ దెబ్బ తగల్లేదట. ఇంటి ఓనరు వచ్చి పెద్ద ఉస్తాద్‌ను నానా తిట్లూ తిట్టాడట. "అప్పటినుంచి ఇతను ప్రతి ఆదివారం వస్తాడు. ఒక్కో గది గోడ పగలగొడతాడు, వైరు మారుస్తాడు, మళ్ళీ సిమెంటు పూస్తాడు. ఎవరూ రమ్మనలేదు. నేనే పిలిచి ఇంత తిండి పెడతాను. పెడితే తింటాడు, లేకపోతే అదీ లేదు."

"ఏమైంది? ఎవలు చేసిండ్రు తప్పు?" అని స్వరాజ్యం నరహరిని అడిగింది, మొహం ఎదురుగా పెట్టి.

నరహరి జేబులోంచి ఒక వైరు ముక్క తీసి ఆమె చేతిలో పెట్టాడు. మధ్యలో ఒక అతుకు ఉంది. ఉందని అతను చూపిస్తే తెలిసింది. రెండు రాగి తీగలు పోగు కొసల్లాగా కలిసి, సన్నగా, నున్నగా, పైన టేపు కూడా పొరలు తెలియకుండా చుట్టి ఉంది. సగం జీవితం బాబిన్లు చుట్టిన స్వరాజ్యం దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూసింది.

"ఎంత సక్కగున్నదిరా!"

"గదే తప్పక్కా. వైరు కురుసయితే అతికి, పైపుల గుంజేసిన. గుడ్డల ముడి కనవడితే సేటు కూలి కోస్తడు. ఆ అలవాటే చేతికి. కరెంటు పనిల అట్ల గాదు. ముడి లావుగ, గట్టిగ ఉండాలె. పైపుల ఉండొద్దు, డబ్బల ఉండాలె. మూత తీస్తే కండ్లకు కనవడాలె. సన్నగ అతికితే ఆడ కాలుతది." వైరు ముక్క తీసుకుని మళ్ళీ జేబులో వేసుకున్నాడు. "ఈ ఇంట్ల నేను ఇసొంటియి ఎన్నో అతికిన. ఏ గోడల ఏడున్నయో నాకే ఎరుక. ఎవలు తీస్తరు?"

భూదేవి అప్పటికి మరాఠీ ఆమె ఇచ్చిన పోహా ప్లేటు పట్టుకుని గుమ్మంలో కూర్చుంది. "మంచిగున్నది, జర నిమ్మకాయ పిండితే ఇంక మంచిగుంటది," అంది ఎవరివైపూ చూడకుండా.

ఇంతలో మెట్ల మీద శ్యాంసుందర్ వచ్చాడు. స్వరాజ్యాన్ని చూసి, "అక్కా, నువ్వు గూడ హెల్పర్‌గ చేరినవా?" అన్నాడు. ఆమె చేయెత్తితే తప్పించుకుని, కొత్తగా బిగించిన డబ్బాల మూతలు ఒక్కొక్కటే తీసి, టార్చి వేసి చూశాడు. లాగి చూశాడు. కాలినప్పుడు నరహరిని పొమ్మన్నది తనే. ఓనరు ముందు వేరే దారి లేదు. "నీ చేయి గుడ్డకే మంచిదన్నా, మగ్గం మీదికే పో," అని చెప్పి పంపించేశాడు. మర్నాడు పొద్దున తను వచ్చేసరికి ఈ మనిషి ఉలి పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. "అన్నీ తీసి చూపెట్టు, అందాక నిచ్చెనే పట్టుకో, అప్పుడు మాట్లాడదాం" అన్నాడు శ్యాంసుందర్. తీస్తాడని అనుకోలేదు.

"ఇంకెన్ని ఉన్నయన్నా?"

"ఇదే ఆఖరుది."

"మంచిగున్నయ్," అన్నాడు శ్యాంసుందర్. మాస్కు కిందికి లాగి మళ్ళీ అన్నాడు. "మంచిగున్నయ్ అంటున్న. ఇగ నిచ్చెన పట్టుడు బంద్. వచ్చే నెల పల్సానాల కొత్త మగ్గాల షెడ్డు ఉన్నది. వైరింగ్ సగం నువ్వే గుంజు. పైసలు గూడ హెల్పర్ పైసలు గాదు. ఏమంటవ్?"

స్వరాజ్యం మనసులో అప్పటికే మెట్‌పల్లికి ఫోన్ కలిపేసింది. నరహరి మాత్రం సంతోషపడలేదు. చేతిలో స్క్రూడ్రైవర్ తిప్పుతూ అడిగాడు.

"మగ్గాలు ఎక్కించకముందే మన పని అయిపోతదా ఉస్తాద్?"

"అయిపోతది. మోటార్లు నడిచినంక మనకు ఆడ ఏం పని?"

"ఒక్క దినం గూడ నడవయి గదా, మనమున్నప్పుడు?"

"నడవయన్నా. ఏం, మగ్గం సప్పుడంటే భయమా నీకు? గా సప్పుడులనే పుట్టి పెరిగినవ్!"

"అయితే వస్త," అన్నాడు నరహరి. అప్పుడు నవ్వాడు.

ఆ మాట దగ్గర స్వరాజ్యం చెవులు నిక్కించింది. మరాఠీ ఆమె సంగతి తేలిపోయింది. గోడల సంగతీ తేలింది. కానీ విజయశ్రీ అడిగిన అసలు ముక్క తేలలేదు. మగ్గం మీదికి ఎందుకు పోడు? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా ఫోన్ చేస్తే ఆ పిల్ల బస్సెక్కదు. ఎక్కినా మనసులో ముల్లుతోనే ఎక్కుతుంది. అదీ గాక, జవాబు తెలియకుండా ఇంటికి పోతే స్వరాజ్యానికి నిద్ర పడుతుందా?

భూదేవిని, శ్యాంసుందర్‌ను ముందు పొమ్మంది. పైన ఇంకా పిట్టగోడ కట్టని డాబా ఉంది. నరహరి అక్కడ బకెట్లో నీళ్ళు తోడుకుని చేతులు కడుక్కుంటున్నాడు. వాన వెలిసింది. దూరంగా మిల్లు గొట్టాలు, వాటి మీద మబ్బులు. స్వరాజ్యం పోయి అతనికి ఎదురుగా ఒక ఇటుకల కుప్ప మీద కూర్చుంది. మాస్కు పూర్తిగా తీసి కొంగుకు ముడేసుకుంది.

"ఇటు చూడు. నా మూతి దిక్కు చూడు. ఇప్పుడు చక్కగ చెప్పు. మగ్గం ఎందుకు దిగినవ్? సేటు తిట్టిండా? మాస్టర్‌తోని లొల్లయిందా?"

"లేదక్కా. సేటు మంచోడే."

"మరేంది? మాపటికి విజయ ఫోన్ చేస్తది. పిల్ల పేరు ఆడనే బడిల రాయిస్తరట. ఆమె నన్ను అడుగుతది, నేనేం చెప్పాలె? నీకు ఆళ్ళు రావాలెనని ఉన్నదా, లేదా?"

నరహరి తడి చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. స్వరాజ్యం జీవితంలో మొదటిసారి, అడిగిన ప్రశ్న మీద ఇంకో ప్రశ్న వేయకుండా కూర్చుంది.

"మగ్గాలు బందయినయ్ గదక్కా, అప్పుడు కొన్నాళ్ళు చెవులల్ల ఒకటే జుయ్యిమని మోత. అది మెల్లమెల్లగ తగ్గింది. ఒకనాడు పొద్దుగాల పండుకోనే ఉన్న, ఎవలో పాడుతుండ్రు. పక్కింట్ల రేడియో అనుకున్న. లేచి చూస్తే విజయ. నా దిక్కు ఈపు పెట్టి చాటల బియ్యం ఏరుతున్నది. మూతి కనవడతలేదు, అయినా ఇనవడ్డది. లగ్గమయినకాడికెల్లి ఒక్క అర్రల ఉన్నమక్కా, ఆమె పాడుతదని నాకు తెల్వదు. పిల్లనడిగితే, అమ్మ రోజూ పాడుతది నాన్నా, నీకు తెల్వదా అన్నది." బకెట్లో మిగిలిన నీళ్ళు పారబోశాడు. "మల్ల మగ్గమెక్కితే అది పోతది."

స్వరాజ్యానికి ఇంటి దగ్గర అరుగు మీద కూర్చున్న మార్కండేయులు కళ్ళల్లో మెదిలాడు.

"గీ ముక్క దానికి చెప్పరాదురా, పిచ్చోడా? ఎప్పుడో బస్సెక్కి వచ్చేది గదరా!"

"చెప్తే పాడదక్కా. నేను ఇంటున్ననని తెలిస్తే సిగ్గుపడి నోరు మూసుకుంటది. నువ్వు గూడ చెప్పకు. ఊకె రమ్మను. చెవుల మిగిలింది గింతే, అది ఉండంగనే రమ్మను."